ఐదు బారల పట్టుదారం

ఆదివారం పొద్దున ఏడు గంటల ఐదు నిమిషాలకు నేనూ సత్యం సారూ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడ్డాం. నా చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఉంది. పై గిన్నెలో మాత్రమే పులిహోర. కింది మూడింటిలో దవాఖాన నుంచి తెచ్చిన చిన్న ఇత్తడి తక్కెడ, దాని తూకపు బిళ్ళలు, కొంత దూది, ఒక వేసలిన్ డబ్బీ ఉన్నాయి. సత్యం సారు చెంపల మీదుగా తల చుట్టూ తెల్లగుడ్డ కట్టుకున్నాడు. ఆయనకు పంటినొప్పి ఏమీ లేదు. మేము సికింద్రాబాదుకు ఫ్లై ఫిషింగ్ సామాను కొనడానికి బయలుదేరాం.

ఇది అరవై తొమ్మిది ఎండాకాలం మాట. నా పేరు జాకబ్, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిషన్ దవాఖానలో కాంపౌండర్ని, సొంతూరు నల్లగొండ వైపు. సత్యం సారు మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండే సర్కారు గుమాస్తా. వాళ్ళది తెనాలి దగ్గర పల్లె. మూడేళ్ళుగా ఇద్దరం సరూర్‌నగర్ చెరువు కట్ట మీద పక్కపక్కన కూర్చుని ఎర్రలతో గాలం వేస్తున్నాం.

ఫ్లై ఫిషింగ్ పిచ్చి మాకు అంటించినవాడు మా దవాఖాన పాత డాక్టరు దొర. ఆయన గాలానికి ఎర ఉండదు, సీసపు గుండు ఉండదు. కోడి ఈకను పట్టుపోగుతో గాలానికి కట్టి ఈగలా చేస్తాడు. ఆ ఈగకు బరువు లేదు కాబట్టి విసిరినా పోదు. బరువంతా దారానిదే. కర్ర ఆడిస్తే దారం గాలిలో వెనక్కీ ముందుకీ చాచుకుని, కొసన ఉన్న ఈగను మోసుకుపోయి నీళ్ళ మీద మెల్లగా దించుతుంది. మొదటిసారి అది చూసిన సాయంత్రం నేనూ సత్యం సారూ చీకటి పడేదాకా కట్ట మీదే ఉండిపోయాం. అంత మురిసిపోయాం.

రెండేళ్ళ కింద దొర తన దేశం వెళ్ళిపోతూ ఒక రేకు డబ్బా నిండా ఈగలు, సామాను ఎట్లా ఎంచుకోవాలో రాసిన ఒక కాగితం నాకిచ్చాడు. కర్ర మాత్రం ఆయన వెంటే పోయింది. మేము వెదురు గడకు మామూలు దారం కట్టి ఎంతో తంటాలు పడ్డాం. ఈగ మా నెత్తిన పడింది, మా చొక్కాలకు గుచ్చుకుంది. ఒకసారి బర్రె చెవికి కూడా తగులుకుంది. నీళ్ళలో మాత్రం పడలేదు.

అంతలో సికింద్రాబాదులో ఒక హరాజు దుకాణంలో ఎవరో ముసలి కెప్టెన్ సామాను వేలానికి వస్తోందనీ, అందులో గాలం కర్రలున్నాయనీ మా దవాఖానకు వచ్చే ఒక రోగి చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సత్యం సారుకు చెబుదామని పోతే, ఆయనే నాకు ఒక కాగితం చూపించాడు. తెనాలికి బదిలీ ఆర్డరు. తానే అడిగి వేయించుకున్నాడు.

ఆ ఏడు ఇక్కడి నౌకర్లు ఆంధ్రావాళ్ళకు పోతున్నాయనీ, తెలంగాణ కావాలనీ కాలేజీ పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు. నాకూ వాళ్ళ మాట సబబుగానే ఉండేది. నా తమ్ముడు పీయూసీ పాసై మూడేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. కానీ సత్యం సారు భార్యాపిల్లలు భయపడి ఫిబ్రవరిలోనే ఊరికి పోయారు. ఆయన బుధవారం పొద్దున బస్సుకు పోతున్నాడు. అంటే మాకున్నది ఆదివారం, సోమవారం, మంగళవారం. ఆలోపల సామాను దొరకాలి, అది సరైనదై ఉండాలి, ఇద్దరం కలిసి ఒక్కసారైనా ఈగను నీళ్ళ మీద దించాలి. ఆదివారం ఆరాధన ఎగ్గొడుతున్నానని నా భార్య మార్తమ్మ అప్పటికే మూతి ముడుచుకుంది.

ఇక పంటినొప్పి సంగతి. సత్యం సారు నోరు తెరిస్తే చాలు, ఏ జిల్లా మనిషో తెలిసిపోతుంది. ఆ రోజుల్లో బస్సులో అది తెలియకపోవడమే మంచిదని ఆ గుడ్డ నేనే కట్టాను. ఆయన పేషెంటు, నేను దవాఖానకు తీసుకుపోతున్నవాణ్ణి. ఉపాయం నాదే కాబట్టి నాకది చాలా గొప్పగా తోచింది.

ఏడూ పదికి రావలసిన బస్సు ఏడూ నలభై ఐదుకు వచ్చింది. కోఠీకి టికెట్టు ఇరవై పైసలు. బడంగ్‌పేట నుంచి మామిడికాయల గంపతో వచ్చిన ఒక పెద్దమ్మ మా పక్కన కూర్చుంది. మూసారాంబాగ్ దాటేలోపు ఆమె సత్యం సారు కట్టును రెండుసార్లు చూసింది.

"అయ్యో, పన్ను నొస్తున్నదా కొడుకా? ఎన్నొద్దులాయె?" అంది.

"మూడొద్దులాయె పెద్దమ్మా. దవాఖానకే తీస్కపోతున్న," అన్నాను నేను.

"దవాఖానల ఏం జేస్తరు, పీకేస్తరు. నా కాడ అక్కలకర్ర ఉన్నది. జర నోరు తెరువు బిడ్డా."

సత్యం సారు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వద్దని చెప్పడానికి ఆయనకు నోరు లేదు కదా. పెద్దమ్మ కొంగు ముడి విప్పి, వేరు ముక్క ఒకటి తీసి, ఆయన దవడలో పెట్టి, "కొరుకు, గట్టిగ కొరుకు," అని దగ్గరుండి కొరికించింది. మలక్‌పేట వచ్చేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు. చాదర్‌ఘాట్ వచ్చేసరికి నోట్లోంచి చొంగ. "చూసినవా, ఎట్ల గుంజుతున్నదో," అని పెద్దమ్మ సంతోషించింది. దిగేటప్పుడు ఒక మామిడికాయ కూడా ఇచ్చింది.

కోఠీలో ఎనిమిదీ ఇరవై. అక్కడ సికింద్రాబాదు డబుల్ డెక్కర్ ఎక్కి పై అంతస్తులో ముందు సీటు పట్టాం. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. ఎవరూ దగ్గర లేరని చూసుకుని సత్యం సారు మొదటి మాట మాట్లాడాడు.

"జాకబ్ గారూ, నాకు నాలుక ఉందో లేదో తెలీడం లేదండీ."

"ఉన్నది సారూ, కనవడుతున్నది," అన్నాను. ట్యాంక్‌బండ్ మీదికి వచ్చాక చల్లటి గాలి కొట్టింది. ఆయన నీళ్ళకేసి చూస్తూ చెయ్యి వెనక్కీ ముందుకీ ఆడించడం మొదలుపెట్టాడు. చేతిలో కర్ర లేకుండానే ఈగను హుస్సేన్‌సాగర్‌లోకి విసురుతున్నాడు. ఒక నిమిషం తర్వాత చూసుకుంటే నేనూ అదే పని చేస్తున్నాను.

తొమ్మిదీ ఇరవైకి సికింద్రాబాదులో దిగి, గడియార స్తంభం వెనక సందులోకి నడిచాం. హరాజు పదిన్నరకు. అంతకు ముందు గంటసేపు సామాను చూసుకోనిస్తారు. మీలో ఎవరైనా ఇట్లా కొనడానికి పోతే ఆ గంటను వదులుకోకండి. పాట మొదలయ్యాక చూడటానికేమీ ఉండదు. లోపల కుర్చీలు, అద్దాల బీరువాలు, ఒక దుప్పి తల, గుర్రపు జీను. వాటి వెనక గోడకు ఆనించి మూడు గాలం కర్రలు.

మొదటిది పన్నెండు అడుగుల పైచిలుకు ఉంది, రెండు చేతులతో పట్టుకోవలసినది. రెండోది ఇనుప కర్ర, పొట్టిది. మూడోది వెదురును ఆరు చీలికలు చేసి మళ్ళీ అతికించి చేసిన తొమ్మిదడుగుల కర్ర. మూడు ముక్కలు, వాటికి మూడు అరల గుడ్డసంచి. సత్యం సారు ఆరడుగుల మనిషి. ఆయన చెయ్యి నేరుగా పెద్దదాని మీదికి పోయింది.

"ఇదండీ కర్రంటే," అన్నాడు చెవిలో.

"ఏం పడతరు సారూ దీంతోని, మొసళ్ళనా? మన చెర్వుకట్ట మీద తుమ్మచెట్లు లెవ్వా? వెనక్కి తిప్పినవంటె దారమంత వాటికే."

దొర కాగితం తీసి తొమ్మిదడుగుల కర్రను వరసగా పరీక్షించాం. ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చే చోట ఇత్తడి గొట్టాలుంటాయి. లాగితే టప్‌మని శబ్దం రావాలి, అంటే లోపల గాలి దూరనంత గట్టిగా ఉన్నట్టు. వచ్చింది. ఒక కన్ను మూసి పిడి దగ్గర నుంచి కొస దాకా చూస్తే వంకర ఉండకూడదు. లేదు. అడ్డంగా పట్టుకుని ఊపితే ఆ ఊపు పిడిలోకి, చేతిలోకి రావాలి. వచ్చింది. వచ్చినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. సత్యం సారుకు ఇచ్చాను. ఆయన ఒకసారి ఊపి, పెద్దకర్రను మళ్ళీ గోడకు పెట్టేశాడు. ఇక దాని వైపు చూడలేదు.

దారం చుట్టుకునే చక్రాలు రెండున్నాయి. ఒకటి పెద్దది, ధగధగ మెరిసే ఇత్తడిది. ఇంకొకటి అరచేతిలో పట్టే నల్లటిది, తిప్పితే టకటకమంటుంది. కర్రకు చక్రం బిగించి, పిడి పైభాగాన ఒక్క వేలు మీద నిలబెడితే తక్కెడలా నిలవాలని దొర రాశాడు. ఇత్తడిది పెడితే పిడి కిందికి దిగిపోయింది. నల్లది పెడితే నిలిచింది.

దుకాణం మున్షీ సాబ్ పొడుగు తెల్లగడ్డం ఆయన, మమ్మల్నే చూస్తున్నాడు. "చిన్న చక్రంతోటి ఈ మూడు పట్టుదారాలల్ల ఏదన్న ఒకటి వస్తది. మిగిలినయి పెద్దదానితోటి పోతయి. జల్దీ చెప్పుర్రి, చీటీ కడత," అన్నాడు.

అసలు పరీక్ష ఇక్కడే. కర్ర ఎంత మంచిదైనా దారం తేలికైతే కర్ర వంగదు, బరువైతే వంగి లేవదు. దొర కాగితంలో ఇట్లాంటి కర్రకు దారం మొదటి ముప్పై అడుగుల బరువు నూట అరవై గ్రెయిన్లుండాలని ఉంది. గ్రెయిన్లంటే మందులు తూచే పాత బిళ్ళలు. కొత్త గ్రాముల తూకం వచ్చాక దవాఖానలో ఆ బిళ్ళలు సొరుగులో పడి ఉన్నాయి. హైదరాబాదులో గాలందారం కొనడానికి కాంపౌండర్ కన్నా తగినవాడు లేడని ఆ కాగితం చదివిన రోజే నాకు తెలిసింది.

టిఫిన్ క్యారియర్ విప్పి తక్కెడ తీశాను. సత్యం సారు దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. ముప్పై అడుగులంటే ఐదు బారలు. రెండు చేతులూ చాచి దారం కొలిచి, అక్కడ గుర్తుకు నూలుపోగు ముడి వేసి, చుట్టచుట్టి పళ్ళెంలో పెట్టాను. చుట్టూ పది మంది మూగారు.

"ఏంది భాయ్, రేషమ్ దారానికి దవా తూకమా?" అన్నాడు మున్షీ సాబ్.

మొదటి దారం నూట పది. సన్నది, పనికిరాదు. రెండోది రెండు వందలు దాటింది. మూడోది పెట్టాను. ముల్లు ఊగి ఊగి నిలిచింది. నూట అరవై. ఒక్క గ్రెయిన్ అటూ ఇటూ లేదు. నేను "దేవునికి స్తోత్రం" అని పైకే అనేశాను. పాత నూనె వల్ల దారం కాస్త జిగటగా ఉంది కానీ గట్టిగా లాగితే తెగలేదు. పట్టుదారం కొనేవారు లాగి చూడకుండా కొనకండి.

పదిన్నరకు పాట మొదలైంది. కర్ర దగ్గర పోటీ లేదు, మూడు మాటల్లో మాదైపోయింది. చక్రం దగ్గరే వచ్చింది పరేషాన్. తెల్ల షేర్వానీ వేసుకున్న ఒక లావాటి పెద్దమనిషి నేను ఎంతంటే దాని మీద ఒకటి వేస్తున్నాడు. మేమిద్దరం ఏడాదిన్నరగా దాచింది నా జేబులో కరిగిపోతోంది. సత్యం సారు నా మోచెయ్యి నలిపేస్తున్నాడు. ఇక ఒక్క మాటే మిగిలిందనగా నేను పాట వదిలి ఆ పెద్దమనిషి దగ్గరికే నడిచాను.

"హుజూర్, మీరు చేపలు పడతరా?"

"చేపలా? కాదు మియా. పతంగులు. మాంజా చుట్టనీకె మస్తుగుంటది, చూడు ఎట్ల టకటక అంటున్నదో."

"ఒక్కపారి తిప్పి చూడుర్రి హుజూర్. ఒక చుట్టు తిప్పితే ఒక్క చుట్టే చుట్టుకుంటది. అవుతలోడు మీ దారం మీద దారమేసి పేంచి వేసినంక మీరు ఎన్నడు గుంజుతరు?"

ఆయన తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. ఆపై కడుపు కదిలేలా నవ్వి, "దీంతోని నా పతంగ్ కట్ అయినంక మరునాటికి దారం ఇంటికొస్తది. తీస్కో, నీకే ముబారక్," అన్నాడు. మున్షీ సాబ్ సుత్తి కొట్టాడు. సత్యం సారు నన్ను అమాంతం ఎత్తి దింపాడు. పంటినొప్పి మనిషికి అంత బలం ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

పన్నెండున్నరకు ఇరానీ హోటల్‌లో మూలబల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగాం. పులిహోర కూడా అక్కడే తినేశాం, యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. బల్ల కింద చక్రాన్ని వంతులవారీగా తిప్పుకుని దాని టకటక వింటూ కూర్చున్నాం. వెళ్ళడానికి లేచినప్పుడు కూడా సంచి ఎవరు మొయ్యాలని వాదులాడుకున్నాం. ముందు నేను మోశాను.

ఒంటిగంటకు బస్సు దొరికింది. చాదర్‌ఘాట్ వంతెన ముందు ఆగిపోయింది. "గీడికే, దిగుర్రి. ముందట రాస్తా బంద్," అన్నాడు కండక్టర్. కట్టు మళ్ళీ బిగించి నడిచాం. ఎండ మండుతోంది. రెండుంపావుకు మలక్‌పేట రైలు వంతెన దాటగానే రోడ్డుకు అడ్డంగా బెంచీలు వేసుకుని ఏడెనిమిది మంది కాలేజీ పిల్లలు కూర్చున్నారు. కళ్ళద్దాలు, గళ్ళ చొక్కా ఉన్న సన్నటి కుర్రాడు లేచి వచ్చాడు.

"ఏంది కాకా గా సంచిల? లాఠీలా?"

"గాలం కట్టె తమ్మీ."

"గాలం కట్టెకు గింత దర్జా సంచా? మమ్ముల పాగల్ చేస్తున్నవా? విప్పు."

విప్పి, మూడు ముక్కలూ అతికించి, చక్రం బిగించి, రింగులలోంచి దారం దూర్చాను. కొసకు గాలం బదులు చిన్న దూది ముక్క కట్టాను. తర్వాత దొర చేసినట్టే చేయబోయాను. దారం కుప్పగా నా నెత్తిన పడింది. పిల్లలు పకపక నవ్వారు. కళ్ళద్దాల కుర్రాడు మాత్రం నవ్వలేదు.

"గిట్ల చేపలు పడతరా? నిజం చెప్పు కాకా, ఎవలి కోసం తీస్కపోతున్నవు గీ కట్టె?"

నేను నెత్తి మీది దారం చిక్కు విప్పుకుంటున్నాను. అప్పుడు సత్యం సారు నా చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కర్ర వెనక్కి పోయింది, అక్కడ ఒక్క క్షణం ఆగింది, ముందుకు వచ్చింది. మళ్ళీ వెనక్కి. దారం రోడ్డు మీద గాలిలో మడత విప్పుకుంటూ పోయి తిన్నగా చాచుకుంది. దూది ముక్క ఇరవై గజాల అవతల తారు మీద చప్పుడు లేకుండా వాలింది.

"చూశారా అండీ! వెళ్ళింది! జాకబ్ గారూ, వెళ్ళిందండీ!" అని సత్యం సారు గావుకేక పెట్టాడు.

ఆ కేకతో ఆయన ఏ జిల్లా మనిషో అందరికీ తెలిసిపోయింది. బెంచీల మీదివాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. సత్యం సారే తల మీది కట్టు విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు పంటినొప్పి లేదు బాబూ. మాది తెనాలి దగ్గర. ఇక్కడ గుమాస్తాగా చేస్తున్నాను. బుధవారం వెళ్ళిపోతున్నాను."

కళ్ళద్దాల కుర్రాడు ఆయన్నీ కర్రనూ మార్చి మార్చి చూశాడు. "బుధారం పోయేటోనివి, ఇయ్యాల గాలం ఎందుకు కొన్నవు సారూ?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

సత్యం సారు చేతిలోని కర్రకేసి చూశాడు. "కొనేటప్పుడు వెళ్ళిపోతున్నానన్న సంగతి గుర్తు లేదు బాబూ," అన్నాడు. నాకూ గుర్తు లేదు మరి.

కుర్రాడు అడ్డంగా ఉన్న బెంచీ ఒకటి పక్కకు జరిపాడు. "మా లొల్లి నౌకర్ల కోసం సారూ. మీ చేపల తోని మాకేం పని లేదు," అన్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. "జర నాకొకపారి ఇయ్యరాదుర్రి?"

ఆ తర్వాత ముప్పావు గంట అక్కడే గడిచింది. ఏడెనిమిది మందీ వంతులవారీగా విసిరారు. "వెనక్కి వెళ్ళాక ఒక్క క్షణం ఆగాలయ్యా, తొందరపడకు," అని సత్యం సారు తన భాషలోనే పాఠం చెప్పాడు. "గట్ల కాదుర భయ్, సారు చెప్పినట్టు ఇను," అని వాళ్ళలో వాళ్ళు కసురుకున్నారు. మాకు తాగడానికి నీళ్ళిచ్చి పంపారు.

మూడుకు బయలుదేరి, సైదాబాద్ మీదుగా నడిచి ఐదింటికి సరూర్‌నగర్ చెరువు చేరాం. ఎండాకాలం కాబట్టి నీళ్ళు లోపలికి పోయాయి, వెనక తుమ్మచెట్లకు దూరంగా నిలబడే చోటు దొరికింది. అట్లా పోవాలనుకునేవారికి ఏప్రిల్ మంచిది. సత్యం సారు దారానికి వేసలిన్ రాస్తూ, ముప్పై అడుగుల దగ్గర గుర్తు పెడదామని ఐదు బారలు కొలిచాడు. నేను దుకాణంలో వేసిన ముడి ఆయన నాలుగో బార దాటి కొంచెం దూరంలోనే వచ్చేసింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఊళ్ళో బావితాడు కొన్నా, బర్రెపలుపు కొన్నా బార లెక్కే. బార అంటే ఆరడుగులనే అందరం అంటాం. కానీ నేను ఐదడుగుల రెండంగుళాల మనిషిని. నా ఐదు బారలు ఇరవై ఆరడుగులే. ఒక్క గ్రెయిన్ తేడా రాకుండా తూచిన కాంపౌండర్ నాలుగడుగుల దారం మరిచిపోయాడు. ఇట్లాంటి దారాలకు బరువును బట్టి నంబర్లుంటాయి, మాది కావలసినదాని కన్నా ఒక నంబరు బరువైనదైంది.

"అయ్యో సారూ, పాడు చేసిన," అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

"అందుకేనేమో అండీ నా చేతికి అంత సుళువుగా వెళ్ళింది," అన్నాడాయన. తర్వాత దొరకు ఉత్తరం రాస్తే ఆయనా అదే జవాబు రాశాడు. కొత్తచేతికి ఒక నంబరు బరువు దారమే మంచిదట, కర్ర వంగడం చేతికి బాగా తెలుస్తుందట. కొనబోయేవారు ఇది గుర్తుంచుకోండి, బార మాత్రం నమ్మకండి.

ఐదూ నలభైకి దొర ఈగలను చూసి మా ఎర్రకోడి మెడ ఈకతో నేను కట్టిన ఈగ నీళ్ళ మీద వాలింది. విసిరింది సత్యం సారు. మూడోసారికి నీళ్ళు టప్‌మన్నాయి, చక్రం టకటకమంది, కర్ర పిడి దాకా వంగింది. అరచెయ్యంత వెండిరంగు పరకచేప. మేమిద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం. దాన్ని విడిచిపెట్టి నేను విసిరాను. నాకు ఎనిమిదోసారికి తగిలింది. సోమవారం, మంగళవారం సాయంత్రాలు కూడా పోయాం. మంగళవారం నేను వరసగా పది విసుర్లు తిన్నగా వేశాను, సత్యం సారు లెక్కపెట్టాడు.

ఆ రాత్రి దారం ఆరబెట్టడానికి సామాను ఆయన పోర్షన్‌లోనే ఉంది. పట్టుదారాన్ని ప్రతిసారీ విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోతుంది. బుధవారం తెల్లవారి ఐదింటికి ఆయన ట్రంకు నేను పట్టుకున్నాను, కర్ర సంచి ఆయన భుజాన వేసుకున్నాడు. గొడవల వల్ల విజయవాడ బస్సులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగడం లేదు. ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తా అంటున్న చోట అప్పుడు ఒక చాయ్ డబ్బా, చుట్టూ జొన్నచేలు ఉండేవి. అక్కడిదాకా నడిచాం.

"మొత్తం మీ దగ్గరే ఉంచండి జాకబ్ గారూ. మా ఊళ్ళో కాలవలే, ఈగలకి చేపలు రావు," అన్నాడు. నేను సరే అన్నాను. ఆరుంపావుకు బస్సు వచ్చింది. ఆయన మెట్టు మీద నిలబడి కర్ర సంచి నా చేతికిచ్చి, "ఆ కుర్రాడు అడిగినదానికి జవాబు దొరికిందండీ," అన్నాడు. ఏమిటని అడిగేలోపు బస్సు కదిలింది.

తిరిగి వస్తూ చాలాసేపు సంచి విప్పలేదు. ఈ ప్రయాణంలో చూసినదంతా కలిపితే పన్నెండు మైళ్ళు ఉండదు. అయినా అంత సంబరంగా నేను ఎక్కడికీ పోలేదు. ఇద్దరు కలిసి పోయినందుకే అంత సంబరమని ఒంటరిగా నడుస్తుంటే తెలిసింది. చెరువు మలుపు దగ్గర ఉండబట్టలేక, ఒక్క విసురు విసురుదామని కట్ట మీద కూర్చుని సంచి విప్పాను.

మొదటి అరలో పిడి ముక్క ఉంది. రెండో అరలో నడిమి ముక్క ఉంది. చక్రం, దారం ఉన్నాయి. మూడో అరలో ఉండవలసిన సన్నటి కొసముక్క లేదు. దాని బదులు సన్నగా, పొడుగ్గా చుట్టిన తెల్లగుడ్డ ఉంది. పంటినొప్పి గుడ్డ. పారేసుకున్నామేమోనని ఒక్క క్షణం నా ప్రాణం పోయింది. ఆ తర్వాత నేను మోసుకొచ్చిన ఆయన ట్రంకు గుర్తొచ్చి, సంగతి అర్థమై, కట్ట మీద ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను, కళ్ళు తుడుచుకోవడానికి ఆ గుడ్డే వాడుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. మార్తమ్మ వాకిట్లో కోళ్ళకు నూకలు వేస్తోంది.

"పోయిండా సత్యం సారు?" అంది.

"పోయిండు," అన్నాను. "కొసముక్క తీస్కపోయిండు. ఒస్తడు."